లడోగా విలీనం

ఎండాకాలంలో గొడుగు కింద నిలబడ్డవాడికి కూడా మాడు పగిలే గోదావరి జిల్లా ఊళ్ళో శీతలదేశ సీతాకోకచిలుకల సంస్థ ఒకటుంది. అక్కడెందుకుందని అడక్కండి. పూర్వం ఒక జమీందారుగారికి దొరల సహవాసం వల్ల మంచుదేశాల సీతాకోకచిలుకల మీద మోజు పుట్టింది. పెట్టెలకు పెట్టెలు ఓడల మీద తెప్పించి బంగళా నిండా నింపారు. ఆయన పోయారు, జమీ పోయింది, మోజు మాత్రం ప్రభుత్వానికి దఖలుపడింది. ప్రభుత్వం చేతిలో పడ్డాక దానికి ఒక డైరెక్టరూ, ఆఫీసు పరిపాలన చూసే ఒక ఏ.వో.గారూ, సర్వీసు నిబంధనలూ మొలుచుకొచ్చాయి.

సంస్థ పద్ధతి చాలా సులువు. గదికొక ప్రజాతి. ప్రజాతి అంటే మరేం లేదు, దగ్గర చుట్టాలైన జాతులన్నిటికీ కలిపి శాస్త్రవేత్తలు పెట్టుకునే ఇంటిపేరు లాంటిది. ప్రజాతికొక ఆఫీసరు, ఆఫీసరుకొక కుర్చీ, కుర్చీ వెనక ఒక తువ్వాలు. ఒక గది ఆఫీసరు ఇంకో గది గడప దాటకూడదు. దాటితే అది పక్క ప్రజాతి వ్యవహారాల్లో జోక్యం కిందికి వస్తుంది. ఇక బయట తోటలో బంతిపూల మీద పసుపుపచ్చవీ, నీలాలూ, చుక్కలవీ బోలెడు సీతాకోకచిలుకలు ఎగురుతూ ఉంటాయి. వాటికి గది లేదు కాబట్టి సంస్థ దృష్టిలో అవి లేవు. ఎప్పుడైనా ఒకటి పొరపాటున కిటికీలోంచి లోపలికొస్తే అటెండరు సింహాద్రి దాన్ని మర్యాదగా బయటికి సాగనంపుతాడు.

ఇందులో లడోగా అనే ప్రజాతి గదికి ఆఫీసరు పేరిందేవి. ఉత్తరాన ఎక్కడో బిర్చి చెట్ల అడవుల్లో తిరిగే సీతాకోకచిలుకలవి. మాడిపోయిన పెనం లాంటి నల్లటి రెక్కలు, వాటి మీద అడ్డంగా ఒక తెల్లటి పట్టీ. రంగులూ హంగులూ ఏమీ లేవు. చూడ్డానికొచ్చిన బడిపిల్లలు "ఇంతేనా మేడం?" అని పెదవి విరిచేవాళ్ళు. పేరిందేవికి మాత్రం అవంటే ప్రాణం. మొగుడు పోయిన ఏడు ఆవిడ ఈ ఉద్యోగంలో చేరింది. ఇంట్లో ఏడవడానికి చోటు లేక, ఈ గదిలో డ్రాయర్లు తీసి వాటిని చూస్తూ కూర్చునేది. నలుపూ తెలుపూ తప్ప మరో రంగు లేని ఆ రెక్కలు ఆవిడకి అప్పుడు తోడయ్యాయి. అప్పణ్ణించీ వదల్లేదు. ముందు ఆ గదికి పెద్దగా ఉన్న చయనులుగారు రిటైరవుతూ తాళంచెవి చేతిలో పెట్టి, "ఇవి ఒకసారి చచ్చినవేనమ్మా. మనం ఏమరుపాటుగా ఉంటే మళ్ళీ చస్తాయి" అన్నారు.

ఆయనన్న రెండో చావు పేరు పెంకుపురుగు. ఆవగింజంత ఉంటుంది. ఎండిన రెక్కలూ వెంట్రుకలూ తప్ప ఇంకేమీ ముట్టదు. దాని పిల్లలైతే మరీ అన్యాయం, ఒళ్ళంతా నూగుతో పాకుతూ పొద్దస్తమానం తింటూనే ఉంటాయి. వానాకాలం గాలిలో తేమ చేరిందంటే వాటికి పెళ్ళిభోజనమే. ఆపగలిగేవి కలరా ఉండలు. అవే, బీరువాల్లో పట్టుచీరల మధ్య వేసుకునే తెల్లటి గోళీలు. ప్రతి నెలా పేరిందేవి ఒక ఇండెంటు రాసేది, స్టోరు నుంచి ఒక పొట్లం వచ్చేది, డ్రాయరు డ్రాయరుకీ మూలల్లో పెట్టేది. ఆవిడ చీరలకూ, అన్నం క్యారేజీకీ కూడా ఆ వాసనే. ఇలా ఏళ్ళు గడిచాయి. ఒక్క రెక్క కూడా చెడలేదు.

అలాంటి సమయంలో ఒక విదేశీ కుర్రాడు వచ్చాడు. మంచుదేశం వాడు. మన ఎండకి ఎర్రగా కందిపోయి, చొక్కా తడిసి ముద్దయి, లడోగా గదిలోకి వచ్చి డ్రాయర్లు చూసి ముచ్చటపడిపోయాడు. మా దేశంలో కూడా ఇంత శుభ్రంగా ఉంచలేదన్నాడు. పేరిందేవి మొహం చాటంతయింది. వెళ్తూ వెళ్తూ అతను, వరసైనవాళ్ళ ఇంట్లో పెళ్ళి కబురు చెప్పినట్టుగా, "అన్నట్టు మావైపు ఇప్పుడు లడోగాని విడిగా లెక్కెయ్యడం లేదండీ, లిమెనైటిస్ ప్రజాతిలో కలిపేశారు" అన్నాడు. అతని దృష్టిలో అదొక పెద్ద విషయం కాదు. పేరిందేవికీ కాదు, ఆవిడ ఎప్పుడో పుస్తకంలో చదివింది. కానీ అతిథికి కొబ్బరిబొండం ఇద్దామని వెనక నిలబడ్డ ఏ.వో. పట్టాభిరామంగారి చెవిలో "కలిపేశారు" అన్న మాట పడింది. బొండం చేతిలోనే ఉండిపోయింది.

పట్టాభిరామంగారికి సీతాకోకచిలుకంటే తెలియదు. విలీనమంటే మాత్రం కొట్టిన పిండి. రెండు శాఖలు కలిస్తే ఏమవుతుందో, ఎవరు మిగులుతారో, ఎవరి కుర్చీ ఎటు పోతుందో ఆయనకి నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు.

మర్నాడే డైరెక్టరు ధర్మాంగదరావుగారి గదిలో సమావేశం పెట్టారు. డైరెక్టరుగారు ఏ మాటనైనా శంకుస్థాపన రాయి మీద చెక్కించడానికి చెబుతున్నట్టే చెబుతారు.

"పేరిందేవిగారూ, మీ ప్రజాతి రద్దయినట్టు విశ్వసనీయమైన అంతర్జాతీయ వర్గాల ద్వారా సంస్థ దృష్టికి వచ్చింది. ఇంత గంభీరమైన పరిణామాన్ని మీరు సకాలంలో నివేదించకపోవడం పట్ల యాజమాన్యం తన విచారాన్ని వ్యక్తం చేస్తోంది."

"రద్దవడమేంటండీ! పేరు మార్చారంతే. సీతాకోకచిలుకలు అవేనండి, ఎక్కడివక్కడే ఉన్నాయి."

"అక్కడే వచ్చింది చిక్కు," అన్నారు పట్టాభిరామంగారు. "ప్రజాతి లేదు, అందులో ఉన్నవి మాత్రం ఉన్నాయి. అంటే ఆ గదిలో అవి అనధికారంగా ఉంటున్నట్టేగా తల్లీ?"

"అయితే పక్క గదిలోకి మార్చెయ్యండి. లిమెనైటిస్ పక్కనేగా ఉంది. సింహాద్రీ నేనూ గంటలో మోసేస్తాం."

"మోసెయ్యడానికి అవేమన్నా అరటిగెలలా?" డైరెక్టరుగారు కళ్ళజోడు తీశారు. "విలీనం అనేది ఒక ప్రక్రియ. ముందు గది స్వాధీనం, తర్వాత సీలు, ఆపైన విధివిధానాలు."

ఆ సాయంత్రమే లడోగా తలుపుకి లక్కసీలు పడింది. పేరిందేవి గుండెల్లో రాయి పడింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, ఆ నెల కలరా ఉండలు ఇంకా వెయ్యలేదు.

"అయ్యా, సీలు మీ ఇష్టం. ఒక్కసారి లోపలికెళ్ళి ఉండలు పెట్టి వచ్చేస్తాను. వానలొస్తే పురుగు పడతదండి," అని బతిమాలింది.

"ఇండెంటు పెట్టండి. కాదన్నామా?" అన్నారు పట్టాభిరామంగారు.

లడోగా పేరు మీద పెట్టింది. అటువంటి ప్రజాతి లేదని తిరిగొచ్చింది. లిమెనైటిస్ పేరు మీద పెట్టింది. ఆ ప్రజాతికి మీరు ఆఫీసరు కాదు గనుక మీకు అడిగే అర్హత లేదని తిరిగొచ్చింది. విసుగొచ్చి ఏ పేరూ లేకుండా పెట్టింది. ఏ ప్రజాతికీ చెందని కలరా ఉండలను ఈ సంస్థలో వాడే ఆనవాయితీ లేదని తిరిగొచ్చింది. ఊళ్ళో కిరాణా కొట్లో ఒక సంచీడు కొనుక్కుని వచ్చింది. ప్రైవేటు కలరా ఉండలు ప్రభుత్వ ఆవరణలోకి తేవడం నిషిద్ధమని గేటు దగ్గర ఆపేశారు.

ఇక లిమెనైటిస్ ఆఫీసరు శౌరిరాజు సంగతి. పేరిందేవి కంటే వెనక చేరినవాడు. మెత్తని మనిషే, ఆదివారం చర్చిలో పాటలు పాడతాడు, ఎవరింట్లో శుభకార్యమైనా వడ్డనకు ముందుంటాడు. కానీ రెండు గదులు ఒకటైతే కుర్చీ ఒక్కటే మిగులుతుంది, ఆ కుర్చీ ముందు చేరిన పేరిందేవికే పోతుంది. ఇది తట్టగానే మెత్తదనం ఎగిరిపోయింది. రాత్రంతా పుస్తకాలు తిరగేసి, పొద్దున్నే డైరెక్టరుగారి ముందు నిలబడ్డాడు.

"అయ్యా, లిమెనైటిస్ అన్న పేరు పెట్టి రెండొందల ఏళ్ళు దాటింది. లడోగా పేరు నిన్నగాక మొన్న, అంటే నూటపాతికేళ్ళ కిందటిది. శాస్త్రంలో కూడా ముందు పెట్టిన పేరుకే విలువండి. వెనకదాన్ని జూనియర్ అనే అంటారు."

జూనియర్ అన్న మాట వినేసరికి డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ శాస్త్రం ఆయనకి కొరుకుడు పడని విషయంగానే ఉండిపోయింది. అందులోనూ సీనియారిటీ ఉందని తెలిశాక దాని మీద అమాంతం గౌరవం పుట్టుకొచ్చింది.

"చూశారా పట్టాభిరామంగారూ! ప్రకృతి కూడా సర్వీసు నిబంధనలకు లోబడే నడుస్తోంది."

"అయితే అధికారి సీనియారిటీ ప్రజాతి సీనియారిటీని అనుసరించాలి," అని ఏ.వో.గారు అప్పటికప్పుడు సూత్రం లేవదీశారు.

"పేరుకున్న వయసు మనిషికెలా వస్తదండీ!" అంది పేరిందేవి. "అయినా నాకా కుర్చీ వద్దు. శౌరిరాజుగారే కూర్చోమనండి. నేను రాసిచ్చేస్తాను. నా గది తలుపు తీసి ఉండలు వేయించండి చాలు."

"మీకింకా రాని కుర్చీని మీరెలా వదులుకుంటారమ్మా? ముందు రావాలి. వచ్చాక వదులుకోవచ్చు. రావాలంటే విలీనం కావాలి," అన్నారు ఏ.వో.గారు.

విలీనం ఎందుకు కాలేదంటే, అర దగ్గర ఆగింది. లిమెనైటిస్ గదిలో బీరువాలున్నాయి, బీరువాలకి పై అరలూ కింది అరలూ ఉన్నాయి. వచ్చే లడోగాల్ని పై అరలో పెట్టాలా, కింది అరలో పెట్టాలా? పైన పెడితే ఏళ్ళ తరబడి అక్కడున్న లిమెనైటిస్‌లకు అన్యాయం. కింద పెడితే వేరే ప్రజాతిలో స్వతంత్రంగా, గౌరవంగా బతికిన, క్షమించాలి, చచ్చిన లడోగాలకు హోదా తగ్గించినట్టు. దీని మీద ఒక ఉపసంఘం వేశారు. మధ్య అర సూచించిన సభ్యుణ్ణి ఉపసంఘం నుంచి తొలగించారు.

ఇంతలో ఉద్యోగుల సంఘం రెండుగా చీలింది. పై అర వర్గం, కింది అర వర్గం. భోజనాల దగ్గర వేర్వేరు బల్లలు. టీ తెచ్చే కుర్రాడు ఎవరికి ముందు పోశాడన్న దాని మీద కూడా తగాదాలు. పేరిందేవి ఏ వర్గంలోనూ చేరలేదు గనుక రెండు వర్గాలూ ఆవిణ్ణి ద్రోహి అన్నాయి. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఈ చచ్చిన పురుగుల గొడవేంటని నవ్వుకున్నారు. వాళ్ళకేం తెలుసు, ఏ ఆఫీసులోనైనా గొడవ ఇంతకంటే బతికున్న దాని మీద జరగదు.

మొదటి వానలు పడ్డాయి. పేరిందేవికి నిద్ర పట్టడం మానేసింది. ఒక మధ్యాహ్నం సింహాద్రి చేత స్టూలు పట్టించి, గుడ్డలో మూటగట్టిన ఉండల్ని తలుపు పైనున్న వెంటిలేటర్ లోంచి లోపలికి విసిరింది. ఎప్పుడూ చెంగు జారనివ్వని మనిషి, యాభై దాటిన మనిషి, కొంగు నడుముకి దోపుకుని స్టూలెక్కింది. మూట లోపల ఎక్కడో దభీమని పడింది. అంతే, ఆవిడకి రెండు నెలల తర్వాత ఆకలి వేసింది.

కానీ పట్టాభిరామంగారి ముక్కు గట్టిది. వాసన పట్టి, సీలు తీయించి, మూటని పట్టకారుతో పట్టుకుని బయటికి తెప్పించి, మళ్ళీ సీలు వేయించారు. పేరిందేవికి మెమో ఇచ్చారు: వివాదంలో ఉన్న ప్రజాతిలోకి బయటి వస్తువుల్ని చొప్పించి దాని స్థితిని ప్రభావితం చేయుటకు ప్రయత్నించినందున. సింహాద్రిని తోట పనికి మార్చారు. సీలు తీసిన ఆ కాసేపట్లో పేరిందేవి తొంగి చూడబోతే, ఏ.వో.గారు అడ్డంగా నిలబడ్డారు.

తర్వాత పై అర వర్గం కోర్టుకెళ్ళింది. తేలేదాకా ఎక్కడివి అక్కడ ఉంచమన్నారు. అందులో తప్పేం లేదు, ఏ పెద్దమనిషైనా అదే చెబుతాడు. పట్టాభిరామంగారు మాత్రం దానికి భాష్యం రాశారు. ఎక్కడివి అక్కడ అంటే గాలి కూడా అక్కడిదక్కడే ఉండాలి గనుక వెంటిలేటర్‌కి చెక్క కొట్టించారు.

ఒక వానాకాలం పోయింది. రెండోది వచ్చింది. పేరిందేవి రోజూ వచ్చి వరండాలో, మూసిన తలుపు ఎదురుగా బల్ల మీద కూర్చునేది. జీతం సరిగ్గానే వచ్చేది, పని లేని ఆఫీసరుకి జీతం ఆపాలంటే దానికి వేరే ప్రక్రియ ఉంది. ఒకరోజు గడప కింద నుంచి బూడిదరంగు పొడి సన్నగా బయటికి రావడం చూసింది. వేలితో తీసుకుంది. రెక్కల పొడి. అక్కడే చతికిలపడి, నలుగురూ చూస్తున్నారన్న సంగతి మరిచిపోయి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

పొడిని కాగితంలో వేసుకుని డైరెక్టరుగారి బల్ల మీద పెట్టింది. "తినేస్తున్నాయండీ. ఇంకా ఏమన్నా మిగిలుంటే కాపాడుకుందాం. మీకు దణ్ణం పెడతాను."

డైరెక్టరుగారు పొడి వంక సానుభూతిగా చూశారు. "మీ ఆవేదన మేం అర్థం చేసుకోగలం. అయితే ఈ పొడి లడోగాది అని రాస్తే అటువంటి ప్రజాతి ఉన్నట్టు మేం ఒప్పుకున్నట్టవుతుంది. లిమెనైటిస్‌ది అంటే తీర్పు రాకముందే తేల్చేసినట్టవుతుంది. కాబట్టి ప్రస్తుతానికి దీన్ని దుమ్ముగా పరిగణిద్దాం."

సింహాద్రిని తోటలోంచి పిలిపించి తుడిపించారు.

చివరికి పైనుంచి ఒక సలహా వచ్చింది. బహుచక్కని సలహా. ఎక్కడో విదేశాల్లో శాస్త్రవేత్తలు తీసుకున్న నిర్ణయం మన సంస్థ సర్వీసు నిబంధనలకు వర్తించదు, కాబట్టి లడోగా ఏనాడూ రద్దు కానేలేదు. గొడవే లేదు. కోర్టులో వ్యాజ్యం వెనక్కి తీసుకున్నారు, రెండు వర్గాలూ ఒకే బల్ల దగ్గర బొబ్బట్లు తిన్నాయి. లడోగా పునరుద్ధరణోత్సవానికి షామియానా వేశారు, సన్నాయి పెట్టించారు. సీలు తీయడానికి డైరెక్టరుగారికి వెండిపళ్ళెంలో కత్తెర అందించారు. లక్కసీలుకి కత్తెరెందుకని ఎవరూ అడగలేదు.

తలుపు తెరిచారు. పేరిందేవి అందరినీ తోసుకుని వెళ్ళి మొదటి డ్రాయరు లాగింది. వరసల్లో గుండుసూదులున్నాయి. సూదుల కింద చీటీలున్నాయి, పట్టిన ఊరూ తేదీ చక్కగా కనబడుతున్నాయి. సూదికీ చీటీకీ మధ్య ఏమీ లేదు. రెండో డ్రాయరు లాగింది. మూడోది లాగింది. అన్నిట్లోనూ సూదులే. అడుగున పొడి, ఆ పొడిలో బలిసిన పెంకుపురుగులూ, వాటి నూగుపిల్లలూ, పుట్టలు పుట్టలుగా కదులుతున్నాయి.

"అన్నీ పోయాయి," అంది పేరిందేవి. "ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు."

సన్నాయి ఆగింది. పట్టాభిరామంగారు ముందుకొచ్చి వంగి చూశారు. ఆయన మొహంలో కంగారు లేదు. పదవిలో ఉన్న మనిషి శూన్యాన్ని చూసి కంగారు పడడు, అందులో ఏముందో వెతుకుతాడు.

"ఇవేమిటి? ఈ పాకుతున్నవి?"

"పెంకుపురుగులండి."

"వీటికి ప్రజాతి ఉందా?"

"ఎందుకుండదు? ఆంత్రీనస్ అంటారు," అంది ఆవిడ, ఏం మాట్లాడుతోందో తెలియని స్థితిలో.

"రద్దయిందా? ఎందులోనైనా కలిపారా?"

"లేదండి."

ఏ.వో.గారూ డైరెక్టరుగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరుగారు అక్కడికక్కడే మైకు దగ్గరికెళ్ళారు. మన సంస్థ చరిత్రలో తొలిసారిగా సజీవ సంగ్రహం ఏర్పడిందనీ, ఎటువంటి ఖర్చూ లేకుండా, కేవలం పరిపాలనా దక్షత వల్ల ఇంత పెద్ద సంఖ్యలో వృద్ధి సాధించామనీ, ఈ రోజు నుంచి ఈ గది ఆంత్రీనస్ విభాగమనీ, అధికారిగా పేరిందేవిగారే కొనసాగుతారనీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుంటుంటే ఆనందబాష్పాలనుకుని ఫోటో తీశారు.

మర్నాడు ఉత్తర్వులు వచ్చాయి. గదిలో కలరా ఉండలు వాడటం నేరం, అవి సంస్థ ఆస్తికి ప్రాణహాని కలిగిస్తాయి. పురుగులకు క్రమం తప్పకుండా మేత పెట్టాలి. ఎండిన సీతాకోకచిలుకలు తప్ప ఇంకేదీ వాటికి అలవాటు లేదని ఈ రెండేళ్ళ అనుభవం రుజువు చేస్తోంది. అందుచేత రవాణా ఖర్చు లేని విధంగా, పక్కనే ఉన్న లిమెనైటిస్ గది నుంచి, కింది అరతో మొదలుపెట్టి, ఒకటో తారీఖు నుంచి మేత సరఫరా చేయవలసింది. దీనివల్ల గతంలో ఆగిపోయిన విలీనం కూడా ఆచరణలో పూర్తయినట్టు భావించబడుతుంది.

ఆ కాగితం పట్టుకుని శౌరిరాజు వరండాలోకి వచ్చాడు. గడప అవతలే నిలబడ్డాడు. మనిషి ఒక్క పూటలో సగమయ్యాడు.

"అమ్మా," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఎప్పుడూ మేడం అనే పిలిచాడు. "తప్పు నాదమ్మా. ఆ సీనియర్ జూనియర్ అన్న మాట నేనే ఎత్తాను. కుర్చీ కోసం గడ్డి తిన్నాను. నన్నేమన్నా అనండి. వాటిని మాత్రం పురుగులకి పెట్టకండమ్మా. మా ఆవిడ కంటే ఎక్కువ చూసుకున్నాను వాటిని."

పేరిందేవికి ఒళ్ళు మండింది. రెండేళ్ళు ఈ మనిషి తన తలుపు ముందు నుంచే రోజూ నడుచుకుంటూ వెళ్ళాడు. ఒక్కసారైనా ఆగి, మీ గదికి ఉండలు నేనిస్తానమ్మా అనలేదు.

"మీ గదిలో కూడా తినేస్తుంటే తెలుస్తది," అంది. "నేను పొడి పట్టుకుని తిరుగుతుంటే మీరు ఎటు చూశారు? పక్కకి చూశారు. ఇప్పుడు నేనూ పక్కకి చూస్తాను. వెళ్ళండి."

శౌరిరాజు తల దించుకుని వెళ్ళిపోయాడు. పేరిందేవి లోపల కూర్చుని డ్రాయర్లో పాకుతున్న వాటిని చూసింది. బలంగా, నున్నగా, ఏ దిగులూ లేకుండా ఉన్నాయి. ఒకటో తారీఖు నుంచి వీటికి తనే చేత్తో రెక్కలు తుంపి వెయ్యాలి. తుంపి వేస్తున్న తన చెయ్యి కళ్ళ ముందు కనిపించింది. లేచి పక్క గది గడప దగ్గరికెళ్ళి, లోపలికి అడుగు పెట్టకుండా కేకేసింది.

"శౌరిరాజుగారూ! మీ దగ్గర ఉండలెన్ని ఉన్నాయి?"

"ఈ నెలవీ వచ్చే నెలవీ కలిపి ఒక డబ్బాడు ఉన్నాయమ్మా."

"పట్టుకురండి. గుడ్డ ఉంటే అదీ తెండి, తలుపు సందులు మూద్దాం."

ఆ మధ్యాహ్నం ఇంకా విప్పని షామియానా కింద సజీవ సంగ్రహం మీద డైరెక్టరుగారి ఉపన్యాసం జరుగుతుండగా, వాళ్ళిద్దరూ ఆంత్రీనస్ గదిలో ప్రతి డ్రాయరులోనూ గుప్పెళ్ళతో కలరా ఉండలు పోశారు. "ఉద్యోగాలు పోతాయేమోనమ్మా" అన్నాడు శౌరిరాజు. "పోనీండి" అంది పేరిందేవి. తలుపు మూసి సందుల్లో గుడ్డలు కుక్కారు.

కొన్నాళ్ళకు మేత తనిఖీకి పట్టాభిరామంగారు వచ్చారు. డ్రాయరు తీసి చూశారు. అన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. కాళ్ళు ముడుచుకుని, ఎండి, కదలిక లేకుండా.

"ఇదేమిటమ్మా?"

పేరిందేవి దాచలేదు. "చచ్చిపోయాయండి. నేనే చంపాను. ఏ శిక్ష వేసినా పడతాను."

పట్టాభిరామంగారు ఇంకో రెండు డ్రాయర్లు లాగి చూశారు. తర్వాత ఆయన మొహం మీద, ఏళ్ళుగా తెగని ఫైలు తెగినప్పుడు వచ్చే ప్రశాంతత వచ్చింది.

"శిక్షేమిటమ్మా! చావడమన్నది ఈ సంస్థలో లోపం కాదు, అర్హత. బతికున్నంతకాలం ఇవి మా ప్రాణానికొచ్చాయి. మేత, పెరుగుదల, గదులు దాటి పారిపోవడం, ఒక్కటి కూడా నిబంధనల్లో ఇమడలేదు. ఇప్పుడు అన్నీ ఎండాయి, లెక్కకి నిలిచాయి. మీ విభాగం ఇన్నాళ్ళకి దారిన పడింది." జేబులోంచి పెన్ను తీశారు. "మరి వీటికి పురుగు పట్టకుండా చూసుకోవాలిగా. ఇండెంటు పెట్టండి, ఇప్పుడే సంతకం పెడతాను. ఒక పొట్లం ఏం సరిపోతుంది, బస్తా రాయండి."

రెండేళ్ళు కాళ్ళావేళ్ళా పడినా గుప్పెడు దొరకని కలరా ఉండలు, చచ్చిన పెంకుపురుగుల క్షేమం కోసం సాయంత్రానికల్లా బస్తాడు వచ్చాయి. మేత అక్కర్లేని విభాగం గనుక మేత ఉత్తర్వు కూడా రద్దయింది.

పేరిందేవి బస్తా వంక చూసింది. సింహాద్రిని తోటలోంచి పిలిపించింది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని, వరండా దాటి, పక్క గది గడప దాటి, లిమెనైటిస్ గది మధ్యలో దాన్ని దించారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆవిడ ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. శౌరిరాజు గబగబా లేచి బీరువా తెరిచి ఒక డ్రాయరు లాగి పట్టుకున్నాడు.

ఆవిడ గుప్పెట్లో ఉండలు పట్టుకుని వంగింది. వంగినది అలాగే ఉండిపోయింది.

నల్లటి రెక్కలు. అడ్డంగా తెల్లటి పట్టీ. వరస వెనక వరస, నిండుగా, ఒక్క అంచు కూడా చిరగకుండా. రెండూ చుట్టాలేనని పుస్తకాల్లో చదివింది, తేడా ఎక్కడుంటుందో కూడా బట్టీ పట్టింది. ఇప్పుడు దాని కోసం కళ్ళు చికిలించి వెతికింది. దొరకలేదు. ఇరవై ఏళ్ళు గోడ అవతల ఇవే ఉన్నాయి, తను గోడ ఇవతల వాటినే పలకరిస్తూ కూర్చుంది. పోయాయనుకున్నవి ఎదురుగా ఉన్నాయి. ఆవిడకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముందు ఏది రానివ్వాలో తెలియక, మూలల్లో ఉండలు సర్దడం మొదలుపెట్టింది.

"ఏమమ్మా," అన్న గొంతు గుమ్మంలో వినిపించింది. పట్టాభిరామంగారు గడప అవతల నిలబడి, పెన్ను మూత తీస్తున్నారు. "ఒక ప్రజాతికి మంజూరైన కలరా ఉండలు ఇంకో ప్రజాతికి వాడటం ఎంత తీవ్రమైన..."

"రాసుకోండి," అంది పేరిందేవి, తల తిప్పకుండా. "శౌరిరాజుగారూ, కింది అర లాగండి."